ఆ నంబరు ఇప్పుడు రాదు

రిపేరు నేర్చుకునేవాళ్లకు చేతిపని తొందరగానే పట్టుబడుతుంది. సోల్డరింగ్ చెయ్యడం, మీటరు పట్టడం, బోర్డు మీద దారి వెతుక్కోవడం కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. ఆలస్యంగా వచ్చేది వేరే ఉంది. పాడైన భాగాన్ని జేబులో వేసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తారు. కౌంటరు వెనక మనిషి దాని మీది అక్షరాలు చూసి "ఇది ఆగిపోయిందండీ, రాదు" అంటాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలి? సగం మంది వస్తువును అటకెక్కిస్తారు. మిగతావాళ్లు "పోనీ ఈక్వలెంట్ ఏదైనా ఇవ్వండి" అని, ఇచ్చినదాన్ని తెచ్చి వేసేస్తారు. నన్నడిగితే రెండో పనికంటే అటకే నయం. అటకెక్కిన వస్తువు ఇంకా పాడవదు.

ఈ అధ్యాయానికి అయస్కాంత సెన్సర్‌ను ఎంచుకోవడానికి కారణముంది. రెసిస్టరో కెపాసిటరో అయితే విలువ చదివి, అదే విలువ ఉన్నది వేస్తే పనైపోతుంది. సెన్సర్‌తో అలా కుదరదు. దానికి బోర్డుతో ఎంత సంబంధమో, ఎదురుగా కదిలే అయస్కాంతంతోనూ అంతే సంబంధం. నంబరు మాత్రమే చెప్పి బదులు అడగడం, కొలతలివ్వకుండా మనిషి పేరు చెప్పి జాకెట్టు కుట్టమన్నట్టు ఉంటుంది. కాబట్టి మీరు వెతకాల్సింది నంబరును కాదు. ఆ యంత్రంలో ఆ సెన్సర్ చేస్తున్న పనిని వెతకాలి.

అసలు నంబర్లు ఎందుకు ఆగిపోతాయో కొంచెం తెలుసుకుంటే దుకాణంలో నిరుత్సాహం తగ్గుతుంది. చాలాసార్లు భాగం పోదు, దాని ఇంటిపేరు మారుతుంది. యూజీఎన్ అని మొదలయ్యే, అయస్కాంతాన్ని పసిగట్టే పాత హాల్ సెన్సర్లు అమెరికాలోని స్ప్రేగ్ కంపెనీవి. ఆ వ్యాపారమే తర్వాత అల్లెగ్రో అయింది. సీమెన్స్ చిప్పుల విభాగం ఇన్ఫినియాన్‌గా, ఫిలిప్స్‌ది ఎన్‌ఎక్స్‌పీగా విడిపోయాయి. మైక్రోనాస్‌ను టీడీకే కొనుక్కుంది. పాత పేరుతో వెతికితే ఏమీ దొరకని చోట, కొత్త యజమాని పేరుతో వెతికితే కొన్నిసార్లు అదే వంశంలో తమ్ముడు కనిపిస్తాడు. యూజీఎన్3503 ఆగిపోయినా అల్లెగ్రోవారి ఏ1302 దానికి బాగా దగ్గర. రెండూ ఒక గాస్‌కు (అయస్కాంత బలానికి యూనిట్) 1.3 మిల్లీవోల్టులు ఇస్తాయి, రెండింటికీ 4.5 నుంచి 6 వోల్టుల సప్లై సరిపోతుంది. ఇలాంటి అదృష్టం పట్టినప్పుడు ఈ అధ్యాయంతో పని లేదు. పట్టనప్పటి సంగతే చూద్దాం.

ముందు అది నిజంగా చచ్చిందో లేదో తేల్చండి. ఇది చెప్పాల్సిన మాట కాదనిపిస్తుంది కానీ, బదులు కోసం ఊరంతా తిరిగాక పాతదే బతికి ఉందని తేలడం ఈ పనిలో మామూలే. సెన్సర్ కంటే ముందు అయస్కాంతాన్ని చూడండి. ఎలక్ట్రిక్ స్కూటర్ యాక్సిలరేటర్ పిడిలో అయస్కాంతాన్ని జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు వదిలితే అది ఊడి లోపలే పక్కకు జారుతుంది. టేప్ డెక్కుల్లో చిన్న ప్లాస్టిక్ చక్రానికి తొడిగిన రింగు మాగ్నెట్ పగిలి ఉంటుంది. తర్వాత తీగ. అటూ ఇటూ వంగే చోట పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగి ఉంటుంది. అవి రెండూ బాగుంటే అప్పుడు మీటరు తీయండి.

మూడు కాళ్ల సెన్సర్‌లో, అక్షరాలున్న ముఖం మన వైపు పెట్టి, కాళ్లు కిందికి ఉంచి చూస్తే సాధారణంగా ఎడమ కాలు సప్లై, మధ్యది గ్రౌండు, కుడిది అవుట్‌పుట్. సప్లై కాలికి వోల్టేజీ వస్తోందా? రాకపోతే తప్పు సెన్సర్‌ది కాదు, దాని వెనకాల ఉన్నవాటిది. వస్తుంటే అవుట్‌పుట్ కాలు చూడండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. స్విచ్ రకం హాల్ సెన్సర్లలో ఎక్కువ భాగానికి ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ ఉంటుంది. అంటే అది తీగను గ్రౌండుకు లాగగలదు గాని, పైకి ఎత్తలేదు. ఎత్తే పని బోర్డు మీదున్న పుల్-అప్ రెసిస్టర్‌ది. సెన్సర్‌ను బోర్డు నుంచి తీసి ఉత్తినే 5 వోల్టులిచ్చి చూస్తే అవుట్‌పుట్ కదలదు, చచ్చిపోయిందనుకుంటాం. సప్లైకీ అవుట్‌పుట్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి అప్పుడు చూడండి.

ఇప్పుడొక చిన్న అయస్కాంతాన్ని అక్షరాల ముఖం దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత అయస్కాంతాన్ని తిరగేసి రెండో ధ్రువంతో అదే పని చెయ్యండి. ఒక ధ్రువానికి మాత్రమే అవుట్‌పుట్ కిందికి దిగి, అయస్కాంతాన్ని తీసెయ్యగానే పైకి లేస్తే అది యూనిపోలార్ స్విచ్. తీసేసినా దిగినచోటే ఉండిపోయి, రెండో ధ్రువం చూపిస్తే గాని లేవకపోతే లాచ్. ఏ ధ్రువానికైనా దిగితే ఓమ్నిపోలార్. దిగడం, లేవడం కాకుండా సప్లైలో సగం దగ్గర నిలబడి, ఒక ధ్రువానికి మెల్లగా పెరుగుతూ, రెండో దానికి మెల్లగా తగ్గుతూ ఉంటే అది లీనియర్. ఈ నాలుగు రకాల్లో మీది ఏదో తేలితే వెతుకులాట సగం అయినట్టే.

సెన్సర్ పూర్తిగా కాలిపోతే దాన్నడిగి లాభం లేదు, యంత్రాన్ని అడగాలి. మూతకో తలుపుకో ఒకే ఒక్క అయస్కాంతముండి, అది దగ్గరికొచ్చి వెళ్లిపోతుంటే అక్కడ పని చేసింది యూనిపోలారో ఓమ్నిపోలారో అయ్యుంటుంది. నార్త్, సౌత్ ఒకదాని పక్కన ఒకటి వచ్చే రింగు తిరుగుతుంటే లాచ్. కాలితో తొక్కే పెడల్, చేత్తో తిప్పే పిడి, మెల్లగా పెంచి తగ్గించేది ఏదైనా లీనియర్. ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటారు అయితే ఇంకా సులువు. అందులో మూడు సెన్సర్లుంటాయి, సాధారణంగా మూడూ ఒక్కసారే పోవు. బతికున్నదాన్ని పరీక్షిస్తే చచ్చినదాని జాతకం తెలుస్తుంది.

లాచ్‌కూ యూనిపోలార్‌కూ తేడా పుస్తకాల తేడా అనుకోకండి. ఆ హబ్ మోటారునే తీసుకోండి. మూడు సెన్సర్లు విద్యుత్ కోణంలో 120 డిగ్రీల దూరంలో ఉంటాయి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే మూడు అవుట్‌పుట్లు ఆరు రకాల కలయికలుగా మారుతూ పోతాయి. మూడూ ఒకేసారి కింద గాని, మూడూ ఒకేసారి పైన గాని ఉండకూడదు. అలా కనిపిస్తే కంట్రోలరు దాన్ని తప్పుగా లెక్కేసి మోటారును ఆపేస్తుంది. లాచ్ ఉన్నచోట యూనిపోలార్ వేశారనుకోండి. అది సౌత్ ఎదురుగా ఉన్నంతసేపే దిగి ఉంటుంది, నార్త్ రాకముందే లేచిపోతుంది. దాంతో దిగి ఉండే సమయం తగ్గి, వరస చెడుతుంది. మోటారు గుర్రుమని కుదుపులు కుదుపులుగా తిరుగుతుంది, లేదా అసలు తిరగదు. దుకాణదారుడు మోసం చేశాడని ఆయన్ను తిట్టుకుంటాం. నిజానికి ఆయనిచ్చిన సెన్సర్‌లో ఏ లోపమూ లేదు. ఇంకొక మెలిక కూడా ఉంది. బైపోలార్ అని రాసి ఉన్నవన్నీ లాచ్‌లు కావు. కొన్ని, అయస్కాంతం లేనప్పుడు ఏ స్థితిలో ఉంటాయో కంపెనీయే హామీ ఇవ్వదు. డేటాషీట్‌లో ఆ ఒక్క వాక్యం వెతకండి.

హబ్ మోటారులో ఒకటి పోయినా మూడూ మార్చడమే మేలని నా అభిప్రాయం. పాతవి రెండు ఒక అయస్కాంత బలానికి మారి, కొత్తది ఇంకో బలానికి మారితే మోటారు నడుస్తుంది గాని సాఫీగా నడవదు. ఎలాగూ మోటారు విప్పారు, ఆ రెండింటి ఖర్చు మీ కూలీలో లెక్కకు కూడా రాదు.

ఇక అసలైన విషయానికి వద్దాం. రకం తెలిసింది, ఎంత బలానికి మారాలో తెలియదు. దీన్ని కొలవడానికి గాస్ మీటరు కావాలంటారు. దాని ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్కర్లేదు. ఎస్ఎస్49ఈ అనే లీనియర్ హాల్ సెన్సర్ తక్కువ ధరకే ఎక్కడైనా దొరుకుతుంది, 49ఈ అంటే చాలు. దానికి 5 వోల్టులిస్తే అయస్కాంతం లేనప్పుడు అవుట్‌పుట్ 2.5 వోల్టుల దగ్గర ఉంటుంది. ఒక గాస్‌కు సుమారు 1.4 మిల్లీవోల్టులు కదులుతుంది. పాత సెన్సర్ ఉన్న చోటే, అదే ముఖం అదే వైపు ఉండేలా దీన్ని తాత్కాలికంగా నిలబెట్టండి. యంత్రాన్ని చేత్తో కదిలిస్తూ అతి ఎక్కువ, అతి తక్కువ రీడింగులు రాసుకోండి. వేగంగా తిప్పితే మీటరు సగటు చూపించి మోసం చేస్తుంది, కాబట్టి చేత్తోనే.

ఒక లెక్క చేసి చూద్దాం. అయస్కాంతం దూరంగా ఉన్నప్పుడు 2.52, దగ్గరికొచ్చినప్పుడు 2.95 వోల్టులు వచ్చాయి. అసలు అయస్కాంతమే లేనప్పుడు మీ 49ఈ 2.50 చూపించింది. దగ్గరికొచ్చినప్పటి తేడా 0.45 వోల్టులు, అంటే 450 మిల్లీవోల్టులు. దాన్ని 1.4తో భాగిస్తే దాదాపు 320 గాస్. దూరంగా ఉన్నప్పుడు 20 మిల్లీవోల్టులు, అంటే 14 గాస్. మీకు కావాల్సిన స్విచ్ 320కి బాగా ముందే దిగాలి, 14కి చేరక ముందే లేవాలి. ఇది ప్రయోగశాల కొలత కాదు. ఒక 49ఈకీ ఇంకోదానికీ నాలుగో వంతు దాకా తేడా ఉండొచ్చు. అందుకే అంచున ఉన్నదాన్ని ఎంచుకోకుండా రెండు వైపులా ధారాళంగా చోటు వదలాలి.

ఇప్పుడీ లెక్కను పట్టుకుని బజారులో అందరూ ఇచ్చే ఏ3144 చూడండి. దాని డేటాషీట్ ప్రకారం మామూలు గది వేడిలో ఇది 70 నుంచి 350 గాస్‌ల మధ్య ఎక్కడైనా దిగొచ్చు. మన దగ్గరున్నది 320. అంటే సంచిలోంచి తీసిన ఒకటి చక్కగా పని చేస్తుంది, ఇంకోటి చెయ్యదు. రెండూ మంచివే, రెండూ డేటాషీట్ మాట దాటనివే. "నిన్న వేసింది పని చేసింది, ఇవాళ్టిది చెయ్యట్లేదు, డూప్లికేట్ వస్తున్నాయి" అనే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే. దిగే బలం, లేచే బలం అనే రెండు గడుల్లో మామూలు విలువను కాకుండా, దిగేదానికి గరిష్ఠ విలువను, లేచేదానికి కనిష్ఠ విలువను చదవడం అలవాటు చేసుకోండి. ఇంకో సంగతి, అల్లెగ్రో వాళ్ల అసలు ఏ3144 తయారీ ఆగిపోయింది. వాళ్లు 1100 వరసకు మారమన్నారు. ఇప్పుడు ఆ నంబరుతో బజారులో దొరికేవి వేరేవాళ్లు చేసినవి. అంతమాత్రాన చెడ్డవని కాదు, కానీ అల్లెగ్రో డేటాషీట్ వాటికి వర్తిస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

డేటాషీట్లు చదివేటప్పుడు యూనిట్లు చూసుకోండి. అల్లెగ్రో గాస్‌లో రాస్తుంది, మెలెక్సిస్ మిల్లీటెస్లాల్లో రాస్తుంది. ఒక మిల్లీటెస్లా అంటే 10 గాస్. మెలెక్సిస్ యూఎస్1881 లాచ్ 9.5 మిల్లీటెస్లాల లోపే మారుతుందని ఉంటే, అది 95 గాస్ లోపు అని అర్థం. పది రెట్ల తప్పు చెయ్యడానికి ఒక్క క్షణం చాలు.

లీనియర్ సెన్సర్ విషయంలో జాగ్రత్త ఇంకో రకం. అక్కడ దిగడం లేవడం లేదు, ఎంత కదలికకు ఎంత వోల్టేజీ అన్నదే అంతా. గాస్‌కు 1.3 ఇచ్చేదాని చోట 1.4 ఇచ్చేది వేస్తే చాలా యంత్రాలు పట్టించుకోవు. అదే ఏ1301 వేస్తే అది 2.5 ఇస్తుంది, హనీవెల్ ఎస్ఎస్495ఏ అయితే 3.125. స్కూటర్ యాక్సిలరేటర్‌లో అలాంటిది పడితే పిడిని సగం తిప్పేసరికే పూర్తి వేగం వచ్చేస్తుంది. రోడ్డు మీద మనిషి కింద పడేది ఇలాంటి చోటే. యాక్సిలరేటర్ మార్చాక చక్రాన్ని నేలకు తగలకుండా పైకెత్తి, పిడిని మెల్లగా తిప్పుతూ అవుట్‌పుట్ వోల్టేజీ మొదట్నుంచి చివరిదాకా సాఫీగా పెరుగుతోందో లేదో చూడకుండా బండిని ఎవరి చేతికీ ఇవ్వకండి. పిడి వదిలినప్పుడు అది మొదటి విలువకు తిరిగి రావాలి, ఇది ఇంకా ముఖ్యం.

కొన్ని చోట్ల బదులు అనే ఆలోచనే వద్దు. కారులో బ్రేకులకు సంబంధించిన వేగపు సెన్సర్లు, లిఫ్టు తలుపులు, రోగి మంచం పక్కనుండే యంత్రాలు. అసలు భాగం దొరక్కపోతే "నా వల్ల కాదు" అని తిప్పి పంపండి. అలా పంపగలిగినవాడి దగ్గరికే మిగతా పనులు నమ్మకంగా వస్తాయి.

రకం సరిపోయి, బలం సరిపోయినా పేచీ పెట్టేవి కొన్ని మిగులుతాయి. వోల్టేజీ సంగతి తెలిసిందే, 12 వోల్టుల ఫ్యాను బోర్డులో 6 వోల్టుల దాకానే తట్టుకునే లీనియర్‌ను పెడితే అది పొగ కూడా రాకుండా పోతుంది. వేడి సంగతి చాలామందికి తట్టదు. అల్లెగ్రో నంబరు చివర ఈ అని ఉంటే 85 డిగ్రీల దాకా, ఎల్ అని ఉంటే 150 దాకా. మే నెల ఎండలో విజయవాడ కొండ రోడ్డెక్కే స్కూటర్ మోటారు లోపల 85 ఏ పాటిది? మోటారు పనికి ఎల్ రకమే అడగండి.

ముఖం, ధ్రువం కూడా చూసుకోవాలి. యూనిపోలార్ స్విచ్‌లు సాధారణంగా అక్షరాల ముఖానికి సౌత్ ఎదురైతే దిగుతాయి. మీ యంత్రంలో నార్త్ ఎదురవుతుంటే సెన్సర్‌ను వెనక్కి తిప్పి పెట్టొచ్చు, కానీ అప్పుడు సప్లై, అవుట్‌పుట్ కాళ్లు తారుమారవుతాయి. ఏది సౌతో తెలియకపోతే మామూలు దిక్సూచి తెచ్చుకోండి. దాని నార్త్ కొన అయస్కాంతంలో ఏ ముఖం వైపు తిరిగితే అది సౌత్. బోర్డుకు అతికే చిన్న ఎస్ఓటీ-23 రకంలో కాళ్ల వరస మారుతుందని మర్చిపోకండి. అక్కడ చాలా కంపెనీల్లో రెండోది అవుట్‌పుట్, మూడోది గ్రౌండు. కాళ్లు వంచేటప్పుడు ప్లాస్టిక్ ఒంటికి ఆనించి వంచకుండా, మధ్యలో ముక్కుపట్టకారుతో పట్టుకుని వంచండి. హాల్ చిప్ ఒత్తిడికి కూడా స్పందిస్తుంది. గట్టిగా బిగించినా, ఆరేటప్పుడు ముడుచుకునే జిగురు వేసినా లీనియర్ సెన్సర్ విశ్రాంతి విలువ పక్కకు జరుగుతుంది. ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. అయస్కాంత బలం దూరంతో పాటు వేగంగా పడిపోతుంది. కొత్త సెన్సర్ మందంగా ఉండి అర మిల్లీమీటరు వెనక్కి జరిగినా, ఇంతకుముందు వేసిన లెక్క తారుమారు కావొచ్చు.

రెండు కాళ్లే ఉండి సప్లై లేకుండా పని చేసేది రీడ్ స్విచ్. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో 1930లలో పుట్టింది, గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు. దానికి బదులుగా హాల్ వేద్దామన్న ఆలోచన బాగానే ఉంటుంది, పగిలే గాజు ఉండదు, రేకులు అరిగిపోవు. కానీ ఏ3144 లాంటిది ఎప్పుడూ కొన్ని మిల్లీయాంపియర్లు తాగుతూనే ఉంటుంది. సైకిల్ స్పీడోమీటర్‌లో ఉండే సీఆర్2032 బటన్ సెల్ సామర్థ్యం 220 మిల్లీయాంపియర్ అవర్లు. 5 మిల్లీయాంపియర్లు తాగితే అది రెండు రోజులు కూడా రాదు. అసలు, 3 వోల్టుల సెల్ మీద ఏ3144 పనే చెయ్యదు, దానికి కనీసం 4.5 కావాలి. తక్కువ కరెంటు తాగే ఏ3212 లాంటివి ఉన్నాయి గాని, అవి దాదాపు 45 మిల్లీసెకన్లకోసారి మాత్రమే లేచి చూస్తాయి. ఫోను మూత తెరిచారా లేదా చెప్పడానికి అది ధారాళం. తిరిగే చక్రం మీది అయస్కాంతం ఆ నిద్రలోనే దాటిపోతుంది. అక్కడ రీడ్ స్విచ్ బదులు రీడ్ స్విచ్చే.

నాలుగు కాళ్లుంటే అది ఇంకా పాతకాలపు పద్ధతి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ బంగారు రేకు మీద చేసింది ఇదే. రెండు చివరల నుంచి కరెంటు పంపి, అడ్డంగా వచ్చే వోల్టేజీ కొలవడం. పాత వీసీఆర్, సీడీ డ్రైవ్ మోటార్లలో ఈ ముడి హాల్ ఎలిమెంట్లే ఉంటాయి. వాటిలో ఆంప్లిఫయర్ ఉండదు, కాబట్టి మూడు కాళ్లవి ఏవీ వాటి చోట పనికిరావు. ఇండియం యాంటిమొనైడ్‌తో చేసినవి ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి, వేడికి ఎక్కువ మారతాయి. గాలియం ఆర్సెనైడ్‌వి తక్కువిస్తాయి, నిలకడగా ఉంటాయి. ఒకదాని చోట ఇంకోటి వేస్తే మోటారు డ్రైవర్‌కు సిగ్నల్ చాలకపోవచ్చు. ఇలాంటివాటికి చెత్తలో పడేసిన పాత సీడీ డ్రైవ్‌ను మించిన దుకాణం లేదు.

కొన్నింటికి హాల్ రకంలో బదులే లేదని ముందే తెలుసుకోవడం కూడా సమయం మిగులుస్తుంది. భూమి అయస్కాంత బలం అర గాస్ చుట్టుపక్కల ఉంటుంది. 49ఈ మీద అది ఒక మిల్లీవోల్టు కూడా కాదు. దిక్కు చూపించే పనిలో ఉన్న మాగ్నెటోరెసిస్టివ్ సెన్సర్ పోతే ఆ కుటుంబంలోనే వెతకాలి. అక్కడా పేర్లు దగా చేస్తాయి. హనీవెల్ హెచ్ఎంసీ5883ఎల్ ఆగిపోయాక, అదే చిన్న బోర్డు మీద క్యూఎంసీ5883ఎల్ వస్తోంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నంబర్లో తేడా ఒక్క అక్షరమే. కానీ మొదటిదాని ఐ2సీ చిరునామా 1ఈ, రెండోదానిది 0డీ, లోపలి రిజిస్టర్ల అమరిక కూడా వేరు. పాత ప్రోగ్రాము దాన్ని పలకరిస్తే అది పలకనే పలకదు. ఇక్కడ మార్చాల్సింది ప్రోగ్రామును.

దొరికింది, సరిపోతుందని లెక్క చెప్పింది. అయినా వెంటనే అతికించకండి. పొడవు తీగలతో వేలాడదీసి, సరైన చోట టేపుతో నిలబెట్టి యంత్రాన్ని నడపండి. చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా వేడెక్కాక ఇంకోసారి చూడండి. ఫెరైట్ అయస్కాంతం ఒక్కో డిగ్రీకి 0.2 శాతం చొప్పున బలం కోల్పోతుంది, 40 డిగ్రీలు పెరిగితే 8 శాతం పోయినట్టు. ఉదయం నడిచి మధ్యాహ్నం మొరాయించే యంత్రాల కథ చాలాసార్లు ఇదే.

పాతది ఎందుకు చచ్చిందో కూడా కనుక్కోండి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. హబ్ మోటారుల్లో ఇరుసు దగ్గర కేబుల్ మెలిపడి, లావు ఫేజ్ తీగ తొడుగు చిరిగి సన్నటి హాల్ తీగకు తగలడం తరచూ చూస్తాం. అప్పుడు మోటారు వోల్టేజీ నేరుగా సెన్సర్‌లోకి పోతుంది. ఆ కేబుల్ బాగుచెయ్యకుండా సెన్సర్లు మార్చడమంటే ఒక్క రోజు కోసం మార్చడమే.

పని పూర్తయ్యాక ఒక చీటీ మీద అసలు నంబరు, వేసిన నంబరు, కొలిచిన గాస్, తేదీ రాసి మూత లోపలి వైపు అంటించండి. ఇక డబ్బాలో ఏముంచుకోవాలని అడిగితే నా జాబితా చిన్నదే. 49ఈ కొన్ని, యూఎస్1881 లాచ్‌లు కొన్ని, మోటార్ల కోసం 41ఎఫ్ రకం, తక్కువ బలానికి దిగే యూనిపోలార్ ఒక రకం, చిన్న రీడ్ స్విచ్‌లు, ఒక దిక్సూచి. మామూలు రిపేరు దుకాణానికి వచ్చే అయస్కాంత సెన్సర్ పనుల్లో ఎక్కువ భాగం వీటితోనే తెమిలిపోతాయి.